మొదటి చాప్టర్ పుస్తకాన్ని పిల్లల చేత ఎలా పూర్తి చేయించాలి

మూడో తరగతి పిల్లాడి చేతిలో ఒక కథల పుస్తకం పెట్టి చూడండి. కొందరు మొదటి పేజీ జోలికే పోరు. చివరి పేజీ తిప్పి అక్కడున్న నంబరు చూస్తారు. "అమ్మో, నలభై ఎనిమిదా!" అని మూసేస్తారు. కాజీపేటలో ఉండే మా అక్క కొడుకు అచ్చంగా ఇదే పని చేశాడు. వాడికి చదవడం రాక కాదు. స్టేషన్‌లో బోర్డులు చదువుతాడు, కిరాణా కొట్టు మీది పేరు చదువుతాడు, బిస్కెట్ ప్యాకెట్ వెనక ఉన్నదంతా చదువుతాడు. పుస్తకం అనేసరికి మాత్రం గుండె జారిపోతుంది.

నేను హసన్‌పర్తి వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. ఇన్నేళ్లుగా పిల్లల పక్కన కూర్చుని చదివించాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. చదివే ధైర్యం కష్టమైన పుస్తకంతో కుస్తీ పడితే రాదు. ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా "నేనే చదివిన" అని చెప్పుకోగలిగిన రోజు వస్తుంది. అది ఎంత చిన్న పుస్తకమైనా సరే.

ఇబ్బంది ఎక్కడంటే, మన పిల్లలకు రెండు రకాల పుస్తకాలే ఎదురవుతాయి. ఒకటి, పేజీకి ఒక వాక్యం ఉండి మిగతా అంతా బొమ్మే ఉన్నది. రెండోది, పేజీ నిండా అక్షరాలున్నది. మొదటిది వాళ్లకు చిన్నతనంగా అనిపిస్తుంది, రెండోది చూస్తే భయం. ఈ రెంటి మధ్యలో ఒక మెట్టు కావాలి. బొమ్మలున్న చిన్న చాప్టర్ పుస్తకం ఆ మెట్టు. ఒకే కథ, నాలుగు నుంచి పది దాకా చిన్న చిన్న చాప్టర్లు, పెద్ద అక్షరాలు, దాదాపు ప్రతి పేజీలో ఒక బొమ్మ. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వయసుకు సరిపోతుంది. కానీ వయసు కన్నా పిల్లల చదువు ఎక్కడుందో చూసుకోవడం ముఖ్యం. ఐదో తరగతి పిల్లలకు కూడా నేను ఇవే ఇచ్చిన సందర్భాలున్నాయి.

మొదటి అడుగు: పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూసుకోండి

దీనికి పరీక్ష పెట్టాల్సిన పని లేదు. ఒక పేజీ చదివించుకుని వింటే చాలు. ఇంగ్లిష్ పుస్తకాలకు ఐదు వేళ్ల లెక్క ఒకటి చెబుతుంటారు. పేజీలో తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి, ఐదు వేళ్లూ మడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి వద్దని అర్థం. తెలుగుకు నేను మూడు వేళ్లే లెక్కపెడతాను. కారణం మన భాష నడకలోనే ఉంది. "చదవలేకపోయాడు" అనేది మనకు ఒకటే మాట. ఇంగ్లిష్‌లో దాన్ని చెప్పాలంటే నాలుగు మాటలు కావాలి. మనకు ఒక్క మాట దగ్గర ఆగితే వాక్యంలో సగం ఆగిపోయినట్టే.

తర్వాత ఒత్తుల సంగతి. ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. పై వరసలో అక్క, పిల్లి, గడ్డి, పెద్ద, అమ్మ. కింది వరసలో రాత్రి, పుస్తకం, చంద్రుడు, పద్యం, వర్షం. చాలామంది పిల్లలు పై వరస గడగడా చదివేసి కింది వరసలో నీళ్లు నములుతారు. ఒక అక్షరానికి అదే అక్షరం ఒత్తుగా వస్తే నోటికి తేలిక. వేరే అక్షరం ఒత్తుగా వచ్చేసరికి కంటికీ కష్టమే, నోటికీ కష్టమే. పైగా గ, డ, ద లాంటివి తలకట్టు తీసేస్తే ఒత్తులైపోతాయి కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. కింది వరసలో మూడుకు పైగా తప్పితే, మొదటి పుస్తకంలో అలాంటి మాటలు పేజీకి రెండో మూడో మించకుండా చూసుకోండి.

ఇంకొకటి, చదువుతున్నప్పుడు గొంతు వినండి. తప్పులు లేకపోయినా గొంతు సన్నగా అయిపోతోందంటే పుస్తకం బరువెక్కువైందని అర్థం.

రెండో అడుగు: పుస్తకం ఎంచుకోవడం

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే సగం పని ఇక్కడే అయిపోతుంది.

పుస్తకాన్ని మధ్యలో తెరిచి, మీ మోచేతంత దూరంలో పట్టుకోండి. కింద వేలాడే ఒత్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయా? తెలుగులో గుడి, ఏత్వం పైన ఉంటాయి, ఒత్తులు కింద ఉంటాయి. లైన్ల మధ్య ఖాళీ తక్కువైతే పై లైను ఒత్తు, కింది లైను గుడి ఒకదానికొకటి తగులుతాయి. పెద్దవాళ్ల కన్ను దాన్ని సర్దేసుకుంటుంది. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదివే పిల్లల కన్ను సర్దుకోలేదు.

తర్వాత లైన్ల చివర చూడండి. చాలా తెలుగు పుస్తకాల్లో లైను నిండిపోతే మాటను ఎక్కడ పడితే అక్కడ విరిచేస్తారు. "పరుగె" అని ఈ లైనులో, "త్తాడు" అని కింది లైనులో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పిల్లలు ఎక్కువసార్లు చిక్కుకునేది ఇక్కడే. "పరుగె అంటే ఏంటి టీచర్?" అని నన్ను అడిగిన పిల్లలున్నారు. మాటలు విరగకుండా, ఒక్కో లైను ఒక్కో ముక్కగా ముగిసే పుస్తకం దొరికితే వదలకండి.

ఇప్పుడు బొమ్మలు. రంగుల కన్నా, బొమ్మ తన పని చేస్తోందా లేదా అన్నది చూడాలి. పేజీలోని అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టి బొమ్మ ఒక్కటే చూడండి. ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఏం జరుగుతోంది అన్నవి తెలియాలి. ఆ పేజీలో కష్టమైన మాట ఏదుందో ఆ వస్తువు బొమ్మలో ఉంటే మరీ మంచిది. "గొడ్డలి" అన్న మాట దగ్గర ఆగిన పిల్లాడికి పక్కనే గొడ్డలి బొమ్మ కనిపిస్తే ఇంకొకరిని అడగనవసరం లేదు. ఈ పేజీలో జరిగినదానికి బొమ్మ రెండు పేజీల తర్వాత ఉంటే మాత్రం అది అలంకారానికే తప్ప చదువుకు పనికిరాదు.

చాప్టర్ చివరి వాక్యాలు కూడా చదివి చూడండి. అక్కడ ఏదో ఒకటి తెగకుండా ఉండాలి. తలుపు చప్పుడైంది, తీసింది ఎవరో తెలియదు. అలా ఆగితే రేపు మళ్లీ పుస్తకం తెరుస్తారు. 1947 జులైలో మొదలైన చందమామ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందులో సీరియల్ భాగం ముగిశాక నెలంతా ఎదురుచూసేవాళ్లు. మన పిల్లలకు ఒక్క రాత్రి ఎదురుచూపు చాలు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, తెలుగులో ఈ రకం తక్కువే. అయినా వెతికితే లేకపోలేదు. సికింద్రాబాద్ తార్నాకలోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లు ఎక్కువగా పిల్లల పుస్తకాలే వేస్తారు. చెన్నై తులికా వాళ్ల పుస్తకాలు తెలుగులోనూ వస్తాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం వరస ఉంది. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వెళ్లే పని పడితే అక్కడ ఒక పూట పిల్లల స్టాళ్లకు కేటాయించండి. పిల్లలను వెంట తీసుకెళ్లి వాళ్లనే ఎంచుకోనివ్వండి.

డబ్బు పెట్టలేని వాళ్లకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. 2015లో మొదలైంది. తెలుగు కథలు ఫోన్‌లో ఉచితంగా చదవొచ్చు, దించుకుని ప్రింట్ కూడా తీసుకోవచ్చు, దానికి వాళ్ల అనుమతి ముందే ఉంది. కథలను నాలుగు స్థాయిలుగా విడదీశారు. మనకు కావాల్సినవి రెండు, మూడు స్థాయిలు. రెండో స్థాయి కథ 600 మాటల లోపు ఉంటుంది, మూడోది 1500 మాటల దాకా పోతుంది. వీటిలో చాలావాటికి చాప్టర్లు ఉండవు. ఆ పని మీరే చేయండి. మూడో స్థాయి కథ ప్రింట్ తీసుకుని, కథ మలుపు తిరిగే చోట్ల మూడు కాగితం ముక్కలు అంటించి, వాటి మీద చాప్టర్ పేరు రాయండి. నాలుగు చాప్టర్ల పుస్తకం తయారైనట్టే. ఫోన్ తెర మీద మాత్రం చదివించకండి. పేజీ తిప్పడం, ఎంత అయిపోయిందో వేళ్ల మధ్య తెలియడం, ఇవన్నీ ధైర్యంలో భాగమే.

హనుమకొండకు దగ్గర్లో ఉంటే ఒక ఆదివారం రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం చూపించండి. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం కాలంలో, 1904లో మనవాళ్లు తెలుగు పుస్తకాల కోసం పెట్టుకున్న గ్రంథాలయం అది. మన ఊళ్లోనే పుస్తకాలకు ఒక ఇల్లుందని పిల్లలు కళ్లారా చూడడం వేరు.

మూడో అడుగు: ముందు బొమ్మలు, తర్వాత మాటలు

మొదటి రోజు చదవకండి. నిజంగానే. పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదటి చాప్టర్ బొమ్మలన్నీ వరసగా చూడండి. "ఈమె ఎవరై ఉంటుంది? ఎందుకు ఏడుస్తున్నట్టుంది? ఈ బుట్టలో ఏముంది?" అని అడగండి. జవాబు తప్పైనా సరిదిద్దకండి. రేపు చదివినప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. చేర్యాల పటాలు చూసే ఉంటారు. పొడవాటి గుడ్డ మీద ఎర్రటి రంగు వేసి, దాని మీద గీసిన బొమ్మలు వరసలు వరసలుగా ఉంటాయి. కథ చెప్పేవాళ్లు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో వరస చూపిస్తూ కథ నడిపేవారు. జనం కంటికి ముందు బొమ్మ పడేది, తర్వాత చెవికి మాట అందేది. కథలో ఏం రాబోతోందో కొంత ఊహ తెలిసి ఉంటే మాట పట్టుకోవడం సులువవుతుంది. చదివే పిల్లల కంటికీ అంతే.

బొమ్మలు చూస్తున్నప్పుడే ఆ చాప్టర్‌లోని కష్టమైన మాటలు రెండు మూడు మీ నోటి నుంచి మామూలుగా రానివ్వండి. "ఓహో, ఇక్కడ సంచి చిరిగిపోయిందన్నమాట" అంటే చాలు. రేపు "చిరిగిపోయింది" అన్న మాట అక్షరాల్లో ఎదురైతే పాత చుట్టంలా పలకరిస్తుంది.

నాలుగో అడుగు: పక్కన కూర్చుని చదవడం

సమయం అన్నం తిన్నాక పెట్టుకోండి. పదిహేను నిమిషాలు చాలు. హోంవర్క్ పుస్తకాలు అక్కడ లేకుండా చూడండి, లేకపోతే ఇది కూడా హోంవర్కే అనుకుంటారు. ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే పరీక్షలా ఉంటుంది.

మొదటి చాప్టర్ మొత్తం మీరే చదివి వినిపించండి. మనుషుల పేర్లు, వాళ్ల మాట తీరు పిల్లల చెవిలో పడతాయి. రెండో చాప్టర్ ఇద్దరూ కలిసి పైకి చదవండి, పిల్లల వేగంతోనే. ముందే ఒక ఒప్పందం చేసుకోండి: "నేను చదువుతా అనిపిస్తే నా చేతి మీద తట్టు, నేను ఆగిపోతా." తట్టగానే మీరు ఆగిపోవాలి. పిల్లలు ఎక్కడైనా చిక్కుకుంటే మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ మాట చెప్పేసి, మళ్లీ కలిసి చదవడం మొదలుపెట్టండి. "ఇది రాదా? నిన్న చెప్పాను కదా" అనే మాటలు అక్కడ వద్దు. మూడో చాప్టర్‌కు వచ్చేసరికి తట్టడం ఎక్కువవుతుంది, మీ గొంతు తక్కువవుతుంది.

తప్పుల గురించి వివరంగా చెప్పాలి. ఎందుకంటే నేను ఇక్కడే పొరపాటు చేశాను. మొదట్లో పిల్లలు చదువుతుంటే ప్రతి తప్పు దగ్గరా పెన్ను ఆనించేదాన్ని. మూడో తరగతి పాప ఒకతె, చదివే పీరియడ్ రాగానే "గొంతు నొప్పి టీచర్" అనడం మొదలుపెట్టింది. ఆ పాప మళ్లీ నా ముందు నోరు విప్పడానికి కొన్ని నెలలు పట్టింది. అప్పటి నుంచి పిల్లలు చదువుతుంటే నా చేతులు ఒళ్లో పెట్టుకుంటాను.

తప్పులన్నీ ఒకటి కావు. పుస్తకంలో "బాపు వస్తున్నాడు" అని ఉంటే మన పిల్లాడు "బాపు వస్తుండు" అని చదువుతాడు. ఇది తప్పు కాదు. అక్షరాల నుంచి అర్థం తీసుకుని, దాన్ని ఇంట్లో మాట్లాడే మాటలోకి మార్చుకున్నాడు. అర్థం కాకపోతే ఆ పని చేయలేడు. అక్కడ ఆపి "వస్తున్నాడు అను" అంటే, నీ ఇంటి మాట తప్పు అని చెప్పినట్టవుతుంది. మన కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు బడిలో ఇంటి మాటను మెచ్చుకుని, మర్నాడు చదివేటప్పుడు అదే మాటను కొట్టేస్తే ఏం లాభం? పుస్తకమంతా అయ్యాక ఎప్పుడైనా "మనం ఇట్లంటం, పుస్తకంల ఇట్ల రాస్తరు, రెండూ మనయే" అని చెప్తే సరిపోతుంది.

రెండో రకం, బొమ్మ చూసి ఊహించడం. "కుందేలు" అని ఉన్నచోట "చెవులపిల్లి" అని చదివేస్తారు. అర్థం సరిగ్గానే ఉంది కానీ అక్షరాలను చూడలేదు. వాక్యం పూర్తి కానివ్వండి. తర్వాత "చెవులపిల్లి నిజమే, కానీ ఇక్కడ ఏ అక్షరంతో మొదలైంది చూడు" అనండి. వాళ్లే వెనక్కి వెళ్లి చూస్తారు.

మూడోది ఒత్తు జారిపోవడం. మా అక్క కొడుకుతో జరిగింది చెప్తాను. వాక్యం "రాత్రి చెరువు దగ్గరికి వెళ్లాడు" అని ఉంది. వాడు వేలు పెట్టుకుని "రాతి చెరువు దగ్గరికి" అని చదివాడు. నాకు నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. "వెళ్లాడు" దాకా చదివి ఆగాడు. ఏదో కుదరలేదని వాడికే అనిపించింది. వేలు అక్కడే ఉంచి కళ్లు పైకెత్తి బొమ్మ చూశాడు. చెరువు, నల్లటి ఆకాశం, చందమామ. వేలు వెనక్కి జరిగి మొదటి మాట కింద ఆగింది. పెదవులు కదిలాయి. "రాత్రి!" అన్నాడు, ఒత్తును గట్టిగా నొక్కుతూ. నా వైపు చూశాడు, నేను చెప్పలేదని వాడికి తెలుసు. ఆ రోజు నుంచి "ర" ఒత్తు వాడికి దాదాపు తప్పలేదు. నేను ముందే సరిదిద్ది ఉంటే ఆ మాట నాదయ్యేది, వాడిది అయ్యేది కాదు. అందుకే వాక్యం చివరి దాకా ఆగమని ఇన్నిసార్లు చెప్తున్నాను.

ఐదో అడుగు: అదే చాప్టర్, వేరే వేరే శ్రోతలు

ఒక చాప్టర్‌ను మూడుసార్లు చదివించండి. మూడుసార్లూ మీకే అయితే విసుగొస్తుంది. వినేవాళ్లను మార్చండి. మొదటిసారి మీకు. రెండోసారి నానమ్మకు. నానమ్మకు చదవడం రాకపోతే ఇంకా మంచిది. ఆమె తప్పులు పట్టదు, "తర్వాత ఏమైంది బిడ్డా?" అని మాత్రమే అడుగుతుంది. అంతకు మించిన శ్రోత పిల్లలకు దొరకదు.

మూడోసారి ఫోన్‌లో. మా ప్రాంతంలో, జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు మరీ ఎక్కువగా, తండ్రులు గల్ఫ్‌లో పనిచేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక చాప్టర్‌ను వాట్సాప్‌లో వాయిస్ రికార్డ్ చేసి బాపుకు పంపమనండి. పంపే ముందు పిల్లలు తమ గొంతు తామే వింటారు. "ఆగు, ఇక్కడ మంచిగ లేదు, మళ్ల చదువుత" అని వాళ్లంతట వాళ్లే మళ్లీ మొదలుపెడతారు. మనం పదిసార్లు చెప్పినా చదవని పేజీని బాపు కోసం నాలుగుసార్లు చదువుతారు. అటు నుంచి తండ్రి "రెండో చాప్టర్ ఎప్పుడు పంపుతవ్ రా?" అని అడిగితే మీరు ఇంకేం చెప్పనవసరం లేదు.

చదివినందుకు చాక్లెట్లు, డబ్బులు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఇచ్చిన రోజే చదువుతారు. కానీ పుస్తకం చివరి పేజీలో పేరు, పూర్తి చేసిన తేదీ రాయించండి.

పుస్తకం దొరక్కపోతే మీరే తయారు చేయండి

ఊళ్లో పుస్తకాలు దొరకవని చాలామంది ఆగిపోతారు. ఇంట్లో కథ లేని కుటుంబం లేదు. నేను బడిలో రాసిన ఒక పుస్తకం మొదటి చాప్టర్ ఇది. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని మనం బంగారం అంటాం, మనిషి బరువుకు సరిపడా తూచి ఇస్తాం. దాన్నే కథ చేశాను. పేరు "నానమ్మ మొక్కు".

నానమ్మ గోడ పక్కన ఉన్న పెద్ద తక్కెడ బయటికి తీసింది.
"ఇటు పక్క కూర్చో" అంది నానమ్మ.
నేను ఇటు పక్క కూర్చున్నాను. అటు పక్క ఖాళీ.
"నానమ్మా, అటు పక్క ఏం పెడతావు?"
"నీ బరువు బంగారం పెడతాను. మేడారం జాతరకు తీసుకుపోవాలి" అంది నానమ్మ.
నేను ఇల్లంతా చూశాను. మా ఇంట్లో అంత బంగారం ఎక్కడ ఉంది?

నలభై మూడు మాటలు. అందులో "పక్క" ఐదుసార్లు, "నానమ్మ" నాలుగుసార్లు వచ్చాయి. వేరే అక్షరం ఒత్తుగా వచ్చిన మాటలు మూడే: కూర్చో, కూర్చున్నాను, ఇంట్లో. కొత్త మాట "తక్కెడ" ఒక్కటే, అది బొమ్మలో పెద్దగా ఉంటుంది. ఒక మాట మళ్లీ మళ్లీ రావడం పెద్దవాళ్లకు విసుగే కానీ పిల్లలకు ఊతం. మొదటిసారి కూడబలుక్కున్న మాటను ఐదోసారి చూడగానే అనేస్తారు.

తర్వాతి చాప్టర్లకు "బంగారం ఎక్కడ?", "తీపి వాసన", "చీమల బారు" అని పేర్లు పెట్టాను. మా పిల్లలందరికీ బంగారం అంటే బెల్లమని ముందే తెలుసు. కథలోని పిల్లాడికి తెలియదు. "గానికి తెల్వది, నాకు తెలుసు" అని నవ్వుకుంటూ చదివారు. కథలో పిల్లాడి కన్నా తమకు ఎక్కువ తెలుసు అనిపించడం కూడా ధైర్యమే. మీరు రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి: పిల్లలకు బాగా తెలిసిన సంగతే కథగా తీసుకోండి. పాకాల చెరువుకు వెళ్లిన రోజు, బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చిన పొద్దు, కాజీపేట జంక్షన్‌లో రైలు తప్పిపోయిన సంగతి, ఏదైనా సరే.

కట్టడం ఇలా. ఆరు ఏ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. ఇరవై నాలుగు పేజీలు వస్తాయి. పేరుకు ఒకటి, చాప్టర్ల పట్టికకు ఒకటి, నాలుగు చాప్టర్లకు ఐదేసి పేజీలు, చివర రెండు పేజీలు పిల్లలకు. పైన అట్టగా డ్రాయింగ్ షీట్ వేయండి. మడత మీద మూడు రంధ్రాలు చేయండి: పైన, మధ్యలో, కింద. దారం ఎక్కించిన సూదిని లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి, కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తేవాలి. లోపల రెండు కొసలు ఉంటాయి. మధ్యలో అడ్డంగా ఉన్న దారాన్ని కలుపుకుని ముడి వేయండి. స్టేప్లర్ పిన్నులు పిల్లల వేళ్లకు గుచ్చుకుంటాయి, దారమే మేలు.

అక్షరాలు మీరు రాయండి, గుండ్రంగా, ఎడంగా. బొమ్మలు పిల్లలను వేయనివ్వండి. బొమ్మ వేయాలంటే ఆ పేజీ రెండుసార్లైనా చదవాలి. మా బడిలో ఒక పిల్లాడు తక్కెడలో కూర్చున్న పిల్లాడి బొమ్మ వేసి, అటు పక్క ఖాళీగా వదిలేశాడు. "రంగు వేయలేదేం?" అంటే "ఖాళీ అని రాసింది కదా టీచర్" అన్నాడు. ఎంత శ్రద్ధగా చదివాడో చూడండి.

ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే

తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. అయినా ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలు మూడో తరగతిలో కూడా తెలుగు దగ్గర వెనకబడి ఉండొచ్చు. వాళ్లకు కథ వయసుకు తగ్గట్టు ఉండి, మాటలు మాత్రం రెండేళ్లు చిన్నవాళ్లు కూడా చదవగలిగేలా ఉన్న పుస్తకం కావాలి. చిన్నపిల్లల కథ ఇస్తే అవమానంగా అనుకుంటారు. ఇంట్లో తయారు చేసిన పుస్తకం వీళ్లకే ఎక్కువ పనికొస్తుంది. ఇంగ్లిష్ చాప్టర్ పుస్తకాలు ఇచ్చేటప్పుడు కూడా ఇవే అడుగులు వేయండి, ఐదు వేళ్ల లెక్కతో. ఒకే రాత్రి రెండు భాషలూ పెట్టకండి.

రెండు మూడు నెలలు ఇలా చేసినా కదలిక లేకపోతే పిల్లలను సోమరి అనకండి. ముందు కంటి డాక్టర్‌కు చూపించండి. పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పట్టుకోవడం, లైను తప్పి కింది లైనులోకి పోవడం చూపు సమస్య కావచ్చు. చూపు బాగానే ఉండి, తెలివిగా మాట్లాడే పిల్లలు అక్షరాల దగ్గరే ఎప్పటికీ తికమక పడుతుంటే అది డిస్లెక్సియా అనే చదువు ఇబ్బంది కావచ్చు. పిల్లల డాక్టర్‌ను అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొదటి పుస్తకం అయిపోయాక

సంతోషంలో వెంటనే పెద్ద పుస్తకం కొనేస్తాం. అది చేయకండి. రెండో పుస్తకం మొదటిదానంతే ఉండాలి, వీలైతే అదే మనుషులతో. తెలిసిన నానమ్మ, తెలిసిన ఇల్లు, తెలిసిన పేర్లు ఉంటే మొదటి పేజీ బెరుకు ఉండదు. నేను "నానమ్మ మొక్కు" తర్వాత అదే నానమ్మను పట్టుకుని ఇంకో రెండు పుస్తకాలు రాశాను. మూడో పుస్తకంలో పేజీకి రెండు లైన్లు పెంచాను, అంతే. పిల్లలెవరూ గమనించలేదు.

ఆ పాటికి వాళ్లకు ఒక పని అప్పగించండి. ఒకటో తరగతి చెల్లెనో తమ్ముణ్నో పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మలు చూపిస్తూ మొదటి పుస్తకం చదివి వినిపించమనండి. మీరు ఆ గదిలో ఉండకండి. వంటింట్లోంచి వింటే చాలు.